మూడుసార్లు మార్చి చెప్పుకున్న కథ

పద్దెనిమిదేళ్లు నడిపిన ప్రింటింగ్ ప్రెస్సును మూసివేసిన రోజు సాయంత్రం నేను చేసిన ఆఖరి పని యంత్రాన్ని కడగడం. రోలర్ల మీద మిగిలిన నల్ల ఇంకును కిరోసిన్ గుడ్డతో తుడిచి, రబ్బరు బ్లాంకెట్‌ను శుభ్రం చేసి, నీటి తొట్టిని ఒంపేశాను. మర్నాడు ఆ యంత్రాన్ని కొనుక్కున్నవారు వచ్చి తీసుకుపోతారని తెలిసినా, దాన్ని మురికిగా అప్పగించడానికి మనసొప్పలేదు. మోటారు ఆపాక గది అంతా ఒక్కసారి మూగబోయింది. అన్నేళ్లుగా ఆ చప్పుడు మీదుగా గొంతు పెంచి మాట్లాడడం అలవాటైపోయిన నాకు, ఆ రోజు తాళం వేస్తూ నా భార్యతో అన్న రెండు ముక్కలు కూడా అరుపులాగే వినిపించాయి.

ఆ రోజు తర్వాత నా జీవితం ఏమైందని ఎవరైనా అడిగితే, ఇన్నేళ్లలో నేను మూడు వేర్వేరు కథలు చెప్పాను. జరిగిన సంఘటనలు మారలేదు, చెప్పే తీరే మారింది. నేను మళ్లీ నిలదొక్కుకోగలగడానికీ ఆ కథ మారడానికీ దగ్గరి సంబంధం ఉందని ఇప్పుడు నాకు గట్టిగా అనిపిస్తోంది కాబట్టి, ఆ మూడింటినీ వరుసగా రాసుకుంటున్నాను.

మొదటి కథలో తప్పంతా ఇతరులది. ఒక పెద్ద ఖాతాదారు ఏడాదికి పైగా బిల్లులు చెల్లించకుండా తిప్పుకున్నాడు, డిజిటల్ యంత్రాలు వచ్చి చిన్న ఆర్డర్లన్నీ ఎగరేసుకుపోయాయి, అప్పిచ్చినవారు ఒక్క నెల కూడా ఆగలేదు. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఆఫ్‌సెట్ ముద్రణలో ప్రతి రంగుకూ ఒక ప్లేటు, అంటే అచ్చు రేకు, చేయించాలి, యంత్రానికి బిగించాలి, రంగులు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చునేదాకా పదులకొద్దీ కాగితాలు వృథా కావాలి. వేల ప్రతులు వేసేటప్పుడు ఆ ఖర్చు అన్నింటి మీదా పంచుకుపోతుంది గానీ, వంద ప్రతులకు అది మోయలేని బరువు. ప్లేటు అవసరమే లేని డిజిటల్ యంత్రం ఆ వంద ప్రతులను తేలికగా తీసిపెడుతుంది. మాకు రోజువారీ రాబడి ఆ చిన్న పనుల నుంచే వచ్చేది. అవి పోయాయని నేను అందరికీ చెప్పేవాణ్ని. అవి పోతున్నాయని తెలిసిన తర్వాత కూడా అప్పు చేసి ఇంకో రెండు రంగుల ఆఫ్‌సెట్ యంత్రం కొన్నానని మాత్రం ఎక్కడా చెప్పేవాణ్ని కాదు.

ఆపవలసిన సమయంలో ఎందుకు ఆపలేదని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. 1985లో ఆర్క్స్, బ్లూమర్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక నాటకశాల సీజన్ టిక్కెట్లు కొన్నవారిలో ఎవరని ఎంచకుండా కొందరికి తగ్గింపు ధర ఇచ్చి చూశారు. సీజన్ మొదటి సగంలో, పూర్తి ధర చెల్లించినవారు తగ్గింపు పొందినవారికన్నా ఎక్కువ నాటకాలకు వెళ్లారు. నాటకాలు అవే, కుర్చీలు అవే. చేతి నుంచి పోయిన డబ్బు మాత్రమే వాళ్లను లాక్కువెళ్లింది. ఈ సంగతి చదివినప్పుడు ప్రెస్సులో నా చివరి రెండేళ్లు కళ్లముందు కదిలాయి. పెట్టిన డబ్బు, పోసిన వయసు, ప్రెస్సు మీద నాన్న పేరుతో రాయించిన బోర్డు, అన్నీ కలిసి ‘ఇంకొక్క ఆరు నెలలు’ అనిపించేవి. అలాంటి ఆరు నెలలు నాలుగు గడిచాయి. నష్టం వచ్చినందుకు కాదు గానీ, ఆ నాలుగు విడతల్లో పనివాళ్ల జీతాలు ఆలస్యం చేసినందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

ప్రెస్సు మూసేసిన మూడు నెలలకే స్టేషనరీ సరఫరా వ్యాపారం ఒకటి మొదలుపెట్టి, ఏడాది తిరక్కుండానే మానేశాను. దాని గురించి ఎక్కువ రాయవలసింది లేదు. ఆ పని నేర్చుకోవాలన్న కోరిక లేదు, నలుగురి ముందూ లేచి నిలబడ్డానని చూపించుకోవాలన్న కోపం ఒక్కటే ఉంది.

రెండో కథ అక్కడ మొదలైంది. ఈసారి తప్పంతా నాది. నేను చేతకానివాణ్ని, లెక్క తెలియనివాణ్ని, పట్టిందల్లా బూడిద చేసేవాణ్ని. ఈ కథ పైకి నిజాయితీగా, మొదటిదానికన్నా ఉన్నతంగా కనిపిస్తుంది. నా అనుభవంలో మాత్రం ఇదే ఎక్కువ చెరుపు చేసింది. తప్పు ఇతరులదన్నంత కాలం కనీసం వాదించడానికి ఓపిక ఉండేది. అంతా నాదే అన్నాక ఏ పనీ మొదలుపెట్టడానికి కారణం మిగల్లేదు. ఫోను మోగితే తీసేవాణ్ని కాదు. తెలిసినవారు ఎదురైతే పక్కకు తప్పుకునేవాణ్ని. ఒక రాత్రి నా భార్య పక్కన కూర్చుని, “మీరు తప్పు చేయలేదని నేను అనను, కానీ ఏ తప్పు చేశారో అడిగితే ఒక్కటీ చెప్పలేకపోతున్నారు, అంతా అంటున్నారు” అంది. ఆ మాటకు వెంటనే కోపం వచ్చింది, తెల్లారేసరికి అది నిజమని అర్థమైంది.

మరుసటి రోజు ఒక పాత బిల్లు పుస్తకం వెనకవైపు కాగితాల మీద రాయడం మొదలుపెట్టాను. ఎడమవైపు నేను ఇవ్వవలసినవారు, కుడివైపు నాకు రావలసినవి. కాగితాల డీలరు, ప్లేట్లు చేసిపెట్టిన కుర్రాడు, బైండింగ్ పని చేసిన ఇద్దరు, కటింగ్ మిషన్ బాగుచేసిన మెకానిక్. ఇరవై మూడు పేర్లు వచ్చాయి. అన్నీ కలిపి కూడితే, అన్ని నెలలు నిద్ర పట్టనివ్వని ఆ అప్పు నేను భయపడినదానికన్నా తక్కువే తేలింది. దాని కింద ఇంకో కాగితం మీద తప్పులు విడివిడిగా రాశాను: ఒకే ఖాతాదారు మీద సగానికి పైగా పని పెట్టుకోవడం, బకాయి పెరుగుతున్నా మొహమాటంతో అడగకపోవడం, రెండో యంత్రం కొనడం. ఆ పక్కనే నా చేతిలో లేనివి కూడా రాశాను. రెండు వరుసలూ ఇంచుమించు సమానంగా వచ్చాయి.

ఆ రాత తేలికగా సాగలేదు. రాసిన ప్రతిసారీ గుండె బరువెక్కి లేచిపోయేవాణ్ని. జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ 1986లో ప్రచురించిన అధ్యయనంలో, కళాశాల విద్యార్థులు తమను గాయపరిచిన సంఘటనల గురించి వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు రాశారు. రాసిన వెంటనే వాళ్ల మనసు మరింత కుంగింది. అయితే సంఘటననూ దానితోపాటు తమ భావాలనూ కలిపి రాసినవారు తర్వాతి నెలల్లో ఆరోగ్యకేంద్రానికి తక్కువసార్లు వెళ్లారు. ముందు బరువు పెరుగుతుందన్న సంగతి నాకు ఆనాడు తెలిసి ఉంటే ఇన్ని విడతలుగా లేచిపోయేవాణ్ని కాదేమో.

మూడో కథ ఆ రెండు వరుసల నుంచి వచ్చింది. కొంత నా వల్ల, కొంత కాలం వల్ల, కొంత ఇంకొకరి వల్ల. చెప్పడానికి ఇది చప్పగా ఉంటుంది, వినేవారికి కన్నీరూ రాదు, ఆవేశమూ రాదు. కానీ ఇందులో నేను సరిదిద్దుకోగలిగిన భాగం ఏదో స్పష్టంగా కనిపిస్తుంది.

పడి లేచినవారి గాథల్లో లేవడానికి పట్టిన మధ్యకాలాన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు. నాకు ఆ మధ్యకాలమే కావాలి. అందుకే రచయిత థామస్ కార్లైల్ సంగతి నాకు ఇష్టం. ఫ్రెంచి విప్లవం మీద ఆయన రాసిన చరిత్ర మొదటి సంపుటం చేతిరాత ప్రతి, 1835లో మిత్రుడు జాన్ స్టువర్ట్ మిల్ దగ్గర ఉండగా, పొరపాటున నిప్పుల పాలైంది. ఇంకో ప్రతి లేదు. మిల్ నష్టపరిహారంగా 200 పౌండ్లు ఇవ్వజూపితే కార్లైల్ 100 మాత్రమే తీసుకుని, మళ్లీ మొదటి పేజీ నుంచి రాయడానికి కూర్చున్నాడు. పుస్తకం 1837లో వెలువడింది. పోయినది అంతటిదైనా, ఇంత చాలు అని లెక్క తేల్చుకుని ముందుకు సాగిన మనిషి అని ఆయన మీద నాకు గౌరవం.

నలభై ఏడో ఏట నేను ఒక ప్రచురణ సంస్థలో, ముద్రణకు వెళ్లే ఫైళ్లను సరిచూసే పనిలో చేరాను. నాకు పని నేర్పిన అమ్మాయి నాకన్నా ఇరవై ఏళ్లు చిన్నది. మొదటి వారాల్లో ఒకే ప్రశ్న రెండోసారి అడగడానికి సిగ్గుపడి, తెలియనిదాన్ని తెలిసినట్టు చేసి, రెండు ఫైళ్లు పాడుచేశాను. ఆ తర్వాత చిన్న నోటు పుస్తకం పెట్టుకుని, ఆమె చెప్పిన ప్రతి మెట్టూ ఆమె ముందే రాసుకోవడం మొదలుపెట్టాను. రోజూ ఇంట్లో ఒక గంట అభ్యాసం చేసేవాణ్ని, కొన్ని రోజులు తప్పేది. 2009లో వెలువడిన ఒక లండన్ అధ్యయనంలో, 96 మంది కొత్త అలవాటు చేసుకోవడానికి ప్రయత్నిస్తే, అది స్థిరపడడానికి పట్టే కాలం మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా ఉందని, మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడలేదని తేలింది. ఒక రోజు తప్పిందని మొత్తం వదిలేసే గుణం ఉన్న నాకు అది పెద్ద ఊరట.

నాలుగో నెలలో ఒక పుస్తకం ఫైలు చూస్తున్నాను. తెర మీద అంతా చక్కగా ఉంది. చిన్న అక్షరాల నలుపును మాత్రం నీలం, ఎరుపు, పసుపు, నలుపు ఇంకులు నాలుగూ కలిపి తయారుచేశారు. “దీన్ని ఒక్క నల్ల ఇంకుకు మార్చాలమ్మా” అన్నాను. “రెండూ నలుపే కదా సార్?” అని నాకు పని నేర్పిన ఆ అమ్మాయి అడిగింది. నాలుగు ప్లేట్లలో ఒక్కటి వెంట్రుకవాసి జరిగినా ప్రతి అక్షరం అంచునా ఎరుపో నీలమో తొంగిచూస్తుందని, చదివేవారి కళ్లు లాగుతాయని చెప్పి, కాగితం మీద గీసి చూపించాను. ఆమె తన నోటు పుస్తకం తీసి రాసుకుంది. ఆ క్షణం నాకు యంత్రం ముందు వంగి, భూతద్దంతో కాగితం అంచు చూస్తూ గడిపిన సాయంత్రాలు గుర్తుకొచ్చాయి. ప్రెస్సుతోపాటు అవి కూడా పోయాయని అప్పటిదాకా అనుకున్నాను.

ఆ పాత బిల్లు పుస్తకం ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. ఇరవై మూడు పేర్లలో ఇరవై ఒకటి కొట్టేశాను. ముందుగా బైండింగ్ పనివారివి, ఎందుకంటే వాళ్లు ఒక్కసారి కూడా అడగలేదు. మిగిలినవి కాగితాల డీలరు, కటింగ్ మిషన్ మెకానిక్. మెకానిక్‌కు వచ్చే నెల జీతం రాగానే ఇచ్చేస్తానని నిన్న ఫోను చేసి చెప్పాను. “మీరు ఆ యంత్రాన్ని కడిగి అప్పగించారట కదండీ, కొన్నవాళ్లు చెప్పారు” అన్నాడు ఆయన.