పది మిల్లీమీటర్ల శనివారం

శనివారం, ఫోర్ట్ మిల్ (అమెరికా).

పైన్ చెట్ల పుప్పొడి కారునీ డెక్‌నీ వదల్లేదు, ఆఖరికి గరాజ్‌లో ఉన్న సైకిల్ సీటు మీద కూడా పసుపు పూసిపెట్టింది. చిన్నదానికి పొద్దున్నుంచీ తుమ్ములే. అయినా ట్రాక్ మానదట. రాక్ హిల్‌లో బీఎంఎక్స్ (దిబ్బల మీంచి చిన్న సైకిళ్లతో పెట్టే రేసు) ట్రాక్ పక్కనే ఉండటం మా అదృష్టమో, మా పర్సు దురదృష్టమో తెలీదు. 2017లోనూ 2024లోనూ ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగింది అక్కడే. 8 మీటర్ల ఎత్తున్న స్టార్ట్ హిల్ పెద్ద రైడర్లది, పిల్లలు 5 మీటర్ల దాని మీంచి దిగుతారు. నా గుండె జారడానికి ఆ 5 మీటర్లు చాలు.

ఈ మధ్యే దాని మినీ సైజు బండి అమ్మేసి, ఒకరి దగ్గర వాడిన ఎక్స్‌పర్ట్ సైజు బండి తీసుకున్నాం. ఫ్రేము సరిపోయింది, హ్యాండిల్ అందుతోంది, బ్రేకు వేళ్లకి చిక్కుతోంది. కానీ రేసు మొదట్లో సైకిళ్లని ఆపి ఉంచే గేటు పడగానే మునుపటి చురుకు లేదు. మొదటి తొక్కు బాగానే పడుతుంది. రెండో తొక్కుకి నడుం అటూ ఇటూ ఊగుతుంది, మూడో తొక్కుకల్లా పక్క లేన్ పిల్ల ముందుకెళ్లిపోతుంది. ఈయన బండిని తలకిందులు చేసి చూస్తే, క్రాంక్ (ఇరుసుకీ పెడల్‌కీ మధ్య ఉండే కడ్డీ) లోపలి వైపు పెడల్ బిగించే చోట 170 అని చెక్కి ఉంది. అంటే ఇరుసు మధ్య నుంచి పెడల్ రంధ్రం మధ్య దాకా 170 మిల్లీమీటర్లు. మా పిల్లేమో 4 అడుగుల 7 అంగుళాలు.

ఎక్స్‌పర్ట్ సైజు బండ్లకి 165, 170 ఇవ్వడం మామూలే. జూనియర్ బండికి 155, 160 వస్తాయి. పెద్దవాళ్ల ప్రో సైజుకి 175, బాగా పొడగరులైతే 180. ఈయన నిన్న రాత్రి ఎత్తుని బట్టి క్రాంక్ చెప్పే పట్టికలు ముందేసుకుని కూర్చున్నారు. ఒకటి 155 అంటే ఇంకోటి 165 అంది. అసలా లెక్కల్లో చాలా వాటికి రోడ్డు సైకిలే ఆధారం. సీటు మీద కూర్చుని గంటలు గంటలు తొక్కేవాళ్ల మోకాలు ఎంత వంగుతుందో చూసి చెప్పేవి. బీఎంఎక్స్ రేసులో సీటుతో పనేముంది? గేటు దగ్గర్నుంచి గీత దాటే దాకా నిలబడే ఉంటారు. అంతా కలిపి ముప్పావు నిమిషం కూడా పట్టదు.

పొద్దున బాపుకి వీడియో కాల్ చేశాం, అక్కడ సాయంత్రం. కరీంనగర్‌లో అద్దె సైకిళ్ల షాపు నడిపిన మనిషి. సైకిల్ మాట వస్తే ఆయన గొంతే మారిపోతుంది.

"తాతా, నా క్రాంక్ పొడుగైందట!"

"గింత చిన్న సైకిల్‌కు పొడుగు క్రాంక్ ఎందుకు పెట్టిన్రు బిడ్డా? మా కాడ పెద్ద సైకిల్‌కే ఆరున్నర ఇంచీలది ఉండె."

ఆరున్నర అంగుళాలంటే 165. పెద్దవాళ్లు బస్తా కట్టుకుని తొక్కే సైకిల్ కన్నా మా పిల్ల బండి క్రాంక్ పొడుగన్నమాట. చిన్నప్పుడు మేం బార్ కింద నుంచి కాలు దూర్చి కైంచీ తొక్కేవాళ్లం. పెడల్ పూర్తిగా ఒక చుట్టు తిప్పడానికి కాలు చాలక, సగం కిందికి తొక్కి మళ్లీ వెనక్కి తెచ్చేవాళ్లం. చిన్నదాని నడుం ఊగడం చూస్తుంటే నాకదే గుర్తొస్తోంది. ఫోన్ పెట్టేసే ముందు బాపు ఈయనకో హెచ్చరిక చేశారు: "ఎడమ దిక్కు పెడల్ మర ఉల్టా ఉంటది, జాగ్రత్త అల్లుడూ." ఈయనకి తెలుసు. తెలిసినా "సరే మామయ్యా" అన్నారు బుద్ధిగా.

ట్రాక్ దగ్గర ఒకావిడ తన కొడుకు పాత క్రాంక్‌లు కాసేపు ఇచ్చింది, 160వి. అదృష్టం కొద్దీ ఇరుసు పళ్లు కుదిరాయి. పార్కింగ్‌లోనే మార్చారు. 170 నుంచి 160కి వస్తే పైన ఉన్న పాదం 10 మిల్లీమీటర్లు కిందికి, కింద ఉన్నది 10 మిల్లీమీటర్లు పైకి వస్తాయి. ఒక చుట్టుకి పాదం తిరిగే దూరం 6 సెంటీమీటర్ల పైన తగ్గుతుంది. చెప్పుకోవడానికి ఇంతే. కానీ "రైడర్స్ రెడీ, వాచ్ ద గేట్" అన్న రికార్డు గొంతు వినపడి గేటు పడ్డాక చూడాలి. నడుం కదల్లేదు, కాళ్లు టకటకా తిరిగాయి. దిబ్బల మీద పెడల్స్ సమంగా పెట్టి నిలబడేటప్పుడు కూడా పాదాల మధ్య ఎడం 34 నుంచి 32 సెంటీమీటర్లకి తగ్గింది కదా, మోకాళ్లు హాయిగా మడుస్తోంది. పెద్దవాళ్లకి ఆ ఎడం ఎక్కువుంటేనే నిలకడ. దీనికి మాత్రం అది చీలమండల మీద భారమే.

ఈయన మనసు 165 మీద ఉంది. "పెరిగే పిల్ల, వచ్చే ఏడాదికి సరిపోతుంది" అని. ఎదుగుతుందని రెండు మడతలు లోపలికి వేసి లంగా కుట్టించినట్టు క్రాంక్ కూడా కొనాలంటే ఎలా? లంగా వదులైతే పిన్నీసు పెట్టుకోవచ్చు. ఇక్కడ ఈ ఏడాదంతా గేటు దగ్గర వెనకబడి, తనకి చేతకాదని అనుకుంటుంది పిల్ల. ఎదిగాక 165 వేద్దాం, 160ని ఇంకో పిల్లవాడికి ఇచ్చేద్దాం అన్నాను. ఒప్పుకున్నారు, సగం మనసుతో.

ఇక గేరు గొడవ. ముందు పళ్ల చక్రానికి (చైన్‌రింగ్) 44 పళ్లు, వెనక దానికి 16. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం 2.75 చుట్లు. క్రాంక్ పొట్టిదైతే అదే గేరుకి కాలి బలం 6 శాతం పైగా ఎక్కువ పెట్టాలి. కాగితం మీద పూర్తిగా సరిచేయాలంటే ముందు 41 పళ్లకి దిగాలి. అంత దిగితే మొదటి దిబ్బ దాటాక కాళ్లు ఊరికే గిరగిరా తిరుగుతాయి, బండి వేగం పెరగదు. పైగా కాళ్లు ఇప్పుడు తేలిగ్గా తిరుగుతున్నాయి కాబట్టి అంత తగ్గించే పని లేదనిపిస్తోంది నాకు. 43 చాలు. గొలుసు కోయక్కర్లేదు, వెనక చక్రాన్ని కాస్త వెనక్కి లాగితే బిగుస్తుంది.

పక్కింటి అబ్బాయిది ఫ్రీస్టైల్ బండి. ముందు 25, వెనక 9 పళ్లు. చూడ్డానికి బొమ్మ చక్రంలా ఉంటుంది కానీ లెక్క కడితే 2.78, మా దానికి ఇంచుమించు సమానం. రెయిలింగ్ మీద జారేటప్పుడు తగలకూడదని అంత చిన్నది. వాడు మాత్రం 175 క్రాంక్ వదలనంటాడు. వాడి ఆట వేరు, వాడి కాళ్ల పొడుగూ వేరు.

సాయంత్రం 160 ఆర్డర్ పెట్టాం. చైన్‌రింగ్ కూడా ఒకేసారి తెప్పిద్దామన్నారీయన. వద్దన్నాను. రెండూ ఒక్కసారే మారిస్తే దేని వల్ల బాగుపడిందో, దేని వల్ల చెడిందో ఎలా తెలుస్తుంది? ముందు 44తోనే కొన్ని గేట్లు పడనీ. చిన్నది మాత్రం క్రాంక్ రంగు గురించే అడుగుతోంది. నలుపు తప్ప వేరేది స్టాక్‌లో లేదని చెప్తే అలిగి పడుకుంది.