నీ ఊరు దగ్గరే కదా, లేతులు కడిగేసి పో

బెంగళూరులో ఫ్యాక్టరీలుండే పీణ్యలో దసరాకి ఊరెళ్ళే వరస ఎలా ఉంటుందంటే, ఎవరి ఊరు దూరమైతే వాళ్ళు ముందు. ఒడిశా, బీహార్ కుర్రాళ్ళు వారం ముందే రైలెక్కేస్తారు, తర్వాత శ్రీకాకుళం వాళ్ళు. మాది హిందూపురం, బెంగళూరుకి వంద కిలోమీటర్లు, కాబట్టి ఆయుధ పూజ మధ్యాహ్నం దాకా నేను లేతు షాపులోనే. లేతంటే ఇనుప ముక్కని తిప్పుతూ కోసే మిషను. "నీ ఊరు దగ్గరే కదప్పా, లేతులు కడిగేసి పో" అంటాడు ఓనరు, అదేదో సంతకి పోతూ కొత్తిమీర కట్ట తెమ్మన్నట్టు.

మా బంధువులైతే నాది ప్రవాసమని ఒప్పుకోనే ఒప్పుకోరు. దుబాయ్ పోయినోడు రెండేళ్ళకోసారి వచ్చినా నెలరోజులు దర్జాగా ఉంటాడు. నేను లగ్గెరెలో రూము తీసుకుని, ఓవర్‌టైమ్ చేసి, పండగ పూట సాయంత్రం బస్సులో నిలబడి ఊరొస్తే "మళ్ళీ ఎల్లుండే పోతావా" అని అడుగుతారు. దగ్గర ఉండటం వల్ల లాభం ఎవరికో నాకింకా అర్థం కాలేదు.

సరే, లేతు సంగతికొస్తా. షాపులో కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మిషన్లు వరసగా ఉన్నాయి, అయినా విరిగిన షాఫ్టు ఒకటి పట్టుకుని ఎవరైనా పరిగెత్తుకొచ్చారంటే అందరూ మూలనున్న పాత హెచ్ఎంటీ లేతు వైపే చూస్తారు. మా ఊళ్ళో హెచ్ఎంటీ అంటే పెళ్ళికొడుకు చేతికి పెట్టే వాచీ. నిజానికి కంపెనీ 1953లో మొదలైంది మిషన్ల కోసం, స్విట్జర్లాండ్ వాళ్ళ ఓర్లికాన్ సహకారంతో ముందు లేతులే చేశారు, వాచీలు వచ్చింది 1961లో, అదీ జపాన్ సిటిజన్ సాయంతో. ఆ ఫ్యాక్టరీ ఉన్న జాలహళ్ళి మాకు పక్కనే. అంటే మా లేతుది మాకంటే దగ్గరూరు, దానికసలు సెలవే లేదు.

నాకు దీన్ని కడగడం నేర్పింది కోలారు వైపు నుంచి వచ్చిన ఒక మేస్త్రి. ఊరు కర్ణాటకే గానీ ఇంట్లో తెలుగే మాట్లాడతారు, ఆ పక్క అలాంటి కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆయన మొదట చెప్పింది, ఎయిర్ గన్ జోలికి పోవద్దని. ఓనర్లకేమో ఎయిర్ గన్ అంటే ఇష్టం, ఒక్క నిమిషంలో మిషను మెరిసిపోతుంది. కానీ ఆ గాలికి ఎగిరిన రజను, అంటే కోతలో రాలిన ఇనప పొడి, కింద పడదు, టూలుని మోస్తూ జరిగే క్యారేజ్ అంచున తుడవడానికి ఉండే ఫెల్ట్ వైపర్ల కిందికీ, స్లైడ్ల సందుల్లోకీ దూరిపోతుంది. ముఖ్యంగా క్యాస్ట్ ఐరన్ తిప్పిన రోజు. అది చుట్టలు చుట్టలుగా రాదు, నల్లటి పొడిగా రాలుతుంది, నూనె దొరికితే అందులో కలిసి గ్రైండింగ్ పేస్టులా తయారై క్యారేజ్ జరిగే పొడవాటి ఇనప దారిని, అంటే బెడ్డుని, మెల్లగా తినేస్తుంది. అందుకే బ్రష్షు, గుడ్డ, కిరోసిన్. ఇప్పుడు కిరోసిన్ దొరకడం కష్టమైంది, డీజిల్‌తో కానిస్తున్నాం.

ముందు మెయిన్ స్విచ్ ఆపాలి. పై నుంచి కిందికి దులుపుకుంటూ రావాలి. జాబుని, అంటే కోయాల్సిన ముక్కని, పట్టుకుని తిప్పే చక్కు దించే ముందు బెడ్డు మీద చెక్క పలక వెయ్యాలి. చక్కు జారితే బెడ్డుకి సొట్ట, మధ్యలో వేలుంటే వేలు కూడా పోతుంది. దవడలు ఊడదీసేటప్పుడు వాటి మీద 1, 2, 3 అని కొట్టి ఉంటుంది, మళ్ళీ అదే వరసలో ఎక్కించకపోతే జాబు సెంటర్‌లో కూర్చోదు. దవడల్ని కదిపే లోపలి స్క్రోల్ గాడిలో ఇరుక్కున్న సన్నటి ఇనప చిప్స్‌ని పాత టూత్‌బ్రష్షుతో, చివర్లో సూదిలాంటి దానితో లాగాలి. అక్కడ నూనె వరదలా పోస్తే మిషను తిరగ్గానే అదంతా మన చొక్కా మీదే, కాబట్టి పల్చగా గ్రీజు రాసి వదిలేస్తే చాలు.

నాకు బాగా ఇష్టమైన పని క్యారేజ్ వైపర్లు విప్పడం. నాలుగు స్క్రూలు తీస్తే చిన్న ఫెల్ట్ ముక్క బయటికొస్తుంది. కొత్తదైతే మెత్తగా నూనె పీల్చుకుని ఉంటుంది. మేం తీసేది మాత్రం చెక్కలా గట్టిపడి, పక్కకి వంచితే ఇనప పొడి మెరుస్తూ ఉంటుంది. రజనుని ఆపాల్సిన ముక్కే రజనుని పట్టుకుని బెడ్డు మీద గీరుతోందన్నమాట. డీజిల్‌లో పిండి ఆరబెట్టి, నూనెలో నానబెట్టి మళ్ళీ బిగిస్తాం, మరీ పాడైతే కొత్త ఫెల్ట్ కోసి పెడతాం. ఖరీదు చూస్తే ఒక టీ, బన్ను. ఎందుకో ఎవరూ మార్చరు.

బెడ్డు తుడిచాక చక్కు దగ్గర గోరు పెట్టి అడ్డంగా లాగితే సన్నగా మెట్టులా తగులుతుంది. మన పనులు ఎక్కువ చిన్న జాబులే, క్యారేజ్ ఎప్పుడూ ఆ జానెడు చోటులోనే తిరుగుతుంది, అరుగుదల అంతా అక్కడే. చక్కుకి ఎదురు చివరనుండే టెయిల్ స్టాక్ వైపు మాత్రం బెడ్డు కొత్తదానిలా ఉంటుంది. అరిగినచోట టూలు కాస్త దిగి జాబుకి దూరం జరుగుతుంది, డయామీటరు పెద్దదవుతుంది. పాత ఆపరేటర్లకి ఎక్కడ ఎంత అదనంగా కోత ఇవ్వాలో చేతికే తెలుసు. కొత్తగా వచ్చినవాడు అదే మిషను మీద రిజెక్షన్లు చేసి తిట్లు తింటాడు.

నూనె సంగతికొస్తే ఓనర్లకి ఉన్నంత పిసినారితనం ఇంకెక్కడా చూడలేదు. లక్షల టూలింగ్ కొంటారు, బెడ్డుకి వేసే స్లైడ్‌వే నూనె దగ్గరికొచ్చేసరికి బైకు ఇంజన్‌లోంచి తీసిన నల్ల నూనె డబ్బాలో పోసిస్తారు. అందులో మసి, అరిగిన లోహం, ఆమ్లం అన్నీ ఉంటాయి. కొత్త ఇంజన్ నూనె కూడా సరైంది కాదు, అందులోని డిటర్జెంట్ మురికిని తేలేసి ఉంచుతుంది. ఇంజన్‌కైతే ఫిల్టర్ ఉంటుంది, సరిపోతుంది. చక్కుని తిప్పే గేర్లుండే మా హెడ్‌స్టాక్‌లో ఫిల్టర్ లేదు, మురికి అడుగుకి దిగితేనే మంచిది. హెడ్‌స్టాక్‌కి 68 గ్రేడు హైడ్రాలిక్ నూనె, బెడ్డుకి 68 స్లైడ్‌వే నూనె వాడతాం. ఈ రెండోదానికి జిగురు ఎక్కువ, క్యారేజ్ బరువుకి పక్కకి పారిపోదు. పాత నూనె దించేటప్పుడు అయస్కాంతం పెట్టి చూడాలి. సన్నటి నల్ల పొడి అంటుకుంటే భయం లేదు, పెచ్చుల్లా వస్తే గేరుకి ఏదో అయినట్టే. బెడ్డు మీద గ్రీజు రాసే మహానుభావులు కూడా ఉన్నారు, వాళ్ళ బెడ్డు మీద పడ్డ చిప్సు ఇక కదలదు.

ఇంకోటి, కోసేటప్పుడు వేడి తగ్గించే కూలెంట్. పండగకి ముందు ట్యాంకు ఖాళీ చెయ్యకుండా వెళ్తే సెలవులయ్యాక షాపు తలుపు తీయగానే కుళ్ళిన గుడ్ల కంపు. మిషను నూనె కారి పైన తెట్టెలా పేరుకుంటుంది, గాలి ఆడదు, కింద బ్యాక్టీరియాకి పండగ.

ఇంత కష్టపడి కడిగాక అసలు గొడవ పూజతో మొదలవుతుంది. అరటి పిలకలు కట్టి, చక్కుకి దండ వేసి, బెడ్డు మీద తడి పసుపు, కుంకుమ, గంధం బొట్లు పెడతారు. కుంకుమ అద్దిన నిమ్మచెక్కలు క్యారేజ్ మీదుండే క్రాస్ స్లైడ్ మీద, కొబ్బరికాయ కొడితే నీళ్ళు పారేది కూడా బెడ్డు మీదికే. బూడిద గుమ్మడికాయ గేటు ముందు పగలగొట్టి, కడ్లెపురి (మరమరాలు), స్వీట్ బాక్స్ చేతిలో పెట్టి షట్టరు వేస్తారు. రెండు మూడు రోజులు ఆ నిమ్మరసం, ఆ తడి పెయింట్ లేని ఇనుము మీద అలాగే కూర్చుంటాయి. తిరిగొచ్చేసరికి బొట్టు పెట్టినచోటల్లా అదే సైజులో తుప్పు. "కింద నూనె లేక ఎండిపోతుంటే పైన కుంకుమ ఎందుకప్పా" అనేవాడు మేస్త్రి, ఓనరుకి వినపడనంత మెల్లగా.

దేవుడి విషయం కాబట్టి ఓనరుతో సూటిగా వాదించలేం. పూజారికి చెప్పాం, ఆయన నవ్వి, బొట్టు మిషనుకి అయితే చాలు, బెడ్డుకే అని ఎక్కడా లేదన్నాడు. ఇప్పుడు బొట్లన్నీ హెడ్‌స్టాక్ పెయింట్ మీద, నిమ్మకాయలు నేల మీద కాళ్ళ దగ్గర, కొబ్బరికాయ గడప దగ్గర. బెడ్డు మీద మందంగా నూనె రాసి మైనపు కాగితం పరుస్తున్నాం. దండ తీశాకే స్విచ్ వెయ్యాలని కుర్రాళ్ళకి మరీ మరీ చెప్తాను, తిరిగే చక్కుకి చెయ్యి లాగేసుకోవడానికి పూలదారం ఒక్కటి చాలు.

వెనకటి పూజల తుప్పు మచ్చల్ని మాత్రం పూర్తిగా తీయలేదు. ఎమరీ పేపరు పెట్టమని ఒకడు సలహా ఇచ్చాడు, ఆ గరుకు పొడి బెడ్డులోనే మిగిలిపోతుంది, వద్దన్నాను. నూనె వేసి సన్న స్కాచ్‌బ్రైట్‌తో పొడవు వెంట రుద్ది, పైకి లేచిన తుప్పు వరకే తీశాం. గుంటపడ్డ మచ్చలు అలాగే ఉన్నాయి, వాటిలో కాస్త నూనె నిలుస్తుంది, క్యారేజ్ వాటి మీదుగా తిరుగుతూనే ఉంది. ఆ మచ్చల వల్ల ఇంతవరకు ఇన్‌స్పెక్షన్‌లో ఒక్క జాబూ వెనక్కి రాలేదు.