కొరియా వెళ్లిన మన డాక్టరు గారు

కొరియా యుద్ధం గురించి మాట వచ్చినప్పుడల్లా "దానికి మనవాళ్లు వెళ్లలేదు కదా" అంటారు. వెళ్లారండీ. 1950లో ఉత్తర కొరియా దక్షిణ కొరియా మీద దాడి చేశాక ఐక్యరాజ్యసమితి సాయం అడిగినప్పుడు నెహ్రూ ప్రభుత్వం పోరాడే సైన్యాన్ని పంపనంది గానీ ఒక వైద్య దళాన్ని పంపింది. దాని పేరు 60 పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్. దాన్ని నడిపించినాయన లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్. ఊరు ఆర్కాట్, అంటే మన చిత్తూరుకి పెద్ద దూరమేం కాదు, డాక్టరు చదువు మద్రాసు మెడికల్ కాలేజీలో. ఇంత దగ్గరి మనిషి పేరు మన ఇళ్లలో ఎవరికీ తెలియకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

1941లో పారాచూట్‌తో దూకిన మొట్టమొదటి ఇద్దరు భారతీయుల్లో ఆయన ఒకరు, రెండో ఆయన హవల్దార్ మేజర్ మథురా సింగ్. డాక్టరుకి విమానంలోంచి దూకే పనేంటి అనిపిస్తుంది. జవాన్లు శత్రువు వెనక దిగితే దెబ్బలు తగిలేది అక్కడే, దారులన్నీ మూసుకుపోయి ఉంటాయి, కాబట్టి వాళ్లతో పాటే దిగిన డాక్టరు తప్ప ఇంకెవరూ వాళ్లని చేరుకోలేరు.

1950 నవంబరులో దళం దక్షిణ కొరియాలోని పూసాన్ రేవులో దిగింది. కొద్ది రోజులకే ఉత్తర కొరియా రాజధాని ప్యాంగ్యాంగ్ వెళ్లాల్సి వచ్చింది. తీరా అక్కడికి చేరేసరికి పరిస్థితి తిరగబడింది. ఉత్తర కొరియా తరఫున చైనా సైన్యం దూసుకొస్తోంది, ఐక్యరాజ్యసమితి సేనలు ఊరు ఖాళీ చేస్తున్నాయి, వెంటనే వెనక్కి వచ్చేయమని ఆర్డరు. సామాను వేసుకురావడానికి మాత్రం బండ్లు లేవు. మనుషులు ఎలాగోలా బయటపడొచ్చు, ఆపరేషన్ సామాను, మందుల పెట్టెలు అక్కడే వదిలేయాలి. రంగరాజ్ గారు వదలనన్నారు. స్టేషన్‌లో ఎవరూ పట్టించుకోకుండా ఉన్న ఒక ఆవిరి ఇంజను, కొన్ని రైలు పెట్టెలు కనిపించాయి. దళంలో ఇంజను పని కొంత తెలిసిన జవాన్లు ఉన్నారు. మిగతావాళ్లు వరసగా నిలబడి చేతి మీదుగా బకెట్లు అందించుకుంటూ బాయిలర్‌లో నీళ్లు నింపారు, డిసెంబరు నెల కొరియా చలిలో. సామాను మొత్తం ఎక్కించి బయల్దేరారు. వాళ్లు నది దాటిన కాసేపటికే వంతెనలు పేల్చేశారు.

ఆయన గురించి రాసేవాళ్లు ఎక్కువగా చెప్పేది 1951 మార్చి 23న కొరియాలోని మున్సాన్ దగ్గర పారాచూట్లతో దూకిన సంగతి గురించి. అమెరికా 187వ పారాచూట్ దళంతో పాటు మన దళం నుంచి 12 మంది దూకారు, ముందు ఆయనే. గొప్ప విషయమే, కాదనను. కానీ నాకైతే ఆ రైలే పెద్దగా కనిపిస్తుంది. కత్తెర, సూది, రక్తం ఎక్కించే సీసా లేని సర్జన్ రోగి పక్కన నిలబడి చెయ్యి పట్టుకోవడం తప్ప ఏం చేయగలడు? ఆ రోజు ఆ మందుల పెట్టెలు, సామాను వదిలేసి ఉంటే దళం కొరియాలో ఉన్నా లేనట్టే అయ్యేది. కొత్త సామాను ఇండియా నుంచి ఓడ మీద రావాలంటే ఎన్నాళ్లు పట్టేదో!

ఆ దళం రెండు ముక్కలుగా పనిచేసింది. ఒకటి ఆయనతో బ్రిటిష్ కామన్వెల్త్ బ్రిగేడ్ వెంట ముందు వరుసల్లో తిరిగితే, రెండోది మేజర్ ఎన్.బి. బెనర్జీ ఆధ్వర్యంలో దక్షిణ కొరియాలోని తేగూ ఊళ్లో ఉండి కొరియా సైనికులకీ, మామూలు జనానికీ వైద్యం చేసింది. ఇద్దరికీ మహావీర్ చక్ర ఇచ్చారు. 1953 జూలైలో కాల్పులు ఆగాక కూడా దళం వెంటనే ఇంటికి రాలేదు, 1954 వరకూ అక్కడే ఉండిపోయింది. మూడేళ్ల పైచిలుకు.

యుద్ధం అయ్యాక ఆయన ఏం చేశారన్నది ఇంకా తక్కువమందికి తెలుసు. సైన్యం నుంచి వచ్చాక ప్రపంచ ఆరోగ్య సంస్థలో చేరి, ఆఫ్ఘనిస్తాన్‌లో మశూచిని తుడిచిపెట్టే పనికి సలహాదారుగా వెళ్లారు. ఆ కొండల్లో చాలా పల్లెలకి రోడ్డు లేదు, చలికాలం మంచుతో దారులు మూసుకుపోతాయి, ఆడవాళ్లు పరాయి మగవాళ్ల ముందుకి రారు. దానికి తోడు మశూచి పొక్కుల్లోని పదార్థాన్నే జనానికి ఎక్కించే నాటు వైద్యులు ఊరూరా తిరిగేవాళ్లు, వాళ్ల వల్లే కొత్తగా జబ్బు అంటుకునేది. వాళ్లని ఒప్పించి, ఇల్లిల్లూ తిరిగి టీకాలు వేయించాలి. 1970ల మొదట్లోనే అక్కడ మశూచి పోయింది. పతకాలూ పారాచూట్లూ లేని పని కాబట్టి దీని గురించి ఎవరూ పెద్దగా రాయరు గానీ, ఎన్ని ప్రాణాలు నిలబడ్డాయో లెక్కేస్తే కొరియా కంటే ఇదే ఎక్కువేమో అని నా నమ్మకం.

ఆయన 2009లో కన్నుమూశారు. 2020లో దక్షిణ కొరియా ప్రభుత్వం ఆయన్ని తమ యుద్ధ వీరుల్లో ఒకరిగా గుర్తుచేసుకుంది. 2023 ఫిబ్రవరిలో టర్కీ భూకంపం వచ్చినప్పుడు ఆగ్రా నుంచి వెళ్లి ఇస్కెందెరున్‌లో ఆసుపత్రి పెట్టింది కూడా ఈ 60 పారా దళమే. అప్పుడు టీవీల్లో, వాట్సాప్‌లో ఆ ఫోటోలు చూసి గర్వపడినవాళ్లు మీలో చాలామందే ఉంటారు. మీ ఇంట్లో మెడిసిన్ చదివే పిల్లలుంటే ప్యాంగ్యాంగ్ రైలు సంగతి ఒకసారి చెప్పండి.