గోడ మీద పాయింట్లు, టేబుల్ దగ్గర మేము

ఆఫీసులో గోడకి కొత్త బోర్డు తగిలించారు, స్టార్ ఆఫ్ ద మంత్ అంట. ఎవరు ఎక్కువ షిప్పింగ్ బిల్లులు, అంటే ఎక్స్‌పోర్ట్ సరుకుకి కస్టమ్స్‌లో వేసే కాగితాలు, ఫైల్ చేస్తే వాళ్లకి అన్ని పాయింట్లు, నెలాఖరుకి గిఫ్ట్ కార్డు. మద్దిలపాలెం ట్రాఫిక్కులో గంట నలిగి వచ్చిన మొహాలు మావి, బోర్డు చూసి ఒక్కళ్లం కూడా ఏం మాట్లాడలేదు.

మాది పోర్టు దగ్గర కస్టమ్స్ క్లియరెన్స్ పని, ఎక్కువగా రొయ్యల ఎక్స్‌పోర్టే. ఫ్రీజింగ్ కంటైనర్ కాబట్టి కటాఫ్ టైం లోపల గేటు దాటాలి, ఒక్క కాగితం తేడా వస్తే రాత్రంతా ఫోన్లే. ఇన్నాళ్లూ పొద్దున్నే మేం నలుగురం కూర్చుని పని మేమే పంచేసుకునేవాళ్లం, హెల్త్ సర్టిఫికెట్ గొడవలున్నవి మేడం తీసుకుంటారు, కొత్త పార్టీ అయితే మాస్టారు, సులువైనవి కొత్తగా చేరిన కుర్రాడికి, వాడు నేర్చుకోవాలి కదా మరి. ఇప్పుడు హైదరాబాద్ హెడ్డాఫీసు వాళ్లు సిస్టంలో ఎవరి పేరు మీద వేస్తే అది వాళ్లదే, మార్చడానికి లేదు.

మధ్యాహ్నం లోపలే తేడా తెలిసిపోయింది. డ్రాబ్యాక్ (కట్టిన సుంకం ఎక్స్‌పోర్ట్ అయ్యాక వెనక్కి రావడం) గురించి కుర్రాడు ఏదో డౌటు అడిగాడు, పోయిన వారమైతే ఎవరో ఒకరు కుర్చీ లాక్కుని వెళ్లి పక్కన కూర్చునేవాళ్లు, ఈరోజు ముగ్గురం "ఒక్క నిమిషం తమ్ముడూ" అనే అన్నాం. ఆ ఒక్క నిమిషం లంచ్ దాకా రాలేదు. కస్టమ్స్ వాళ్లు ఏదో ప్రశ్న అడిగి క్వెరీ వేసిన బిల్లుంటే దానికి పూటంతా పోతుంది, పాయింటు మాత్రం ఒక్కటే, ఇక ఎవడు ముట్టుకుంటాడు దాన్ని! మాస్టారైతే డబ్బా మూత తీస్తూ "ఏటమ్మా, ఇన్నేళ్లూ సేసిన పనికి ఇప్పుడు మార్కులేస్తారా నాకు" అన్నారు.

ఎంబీఏలో పరీక్ష కోసం బట్టీ కొట్టిన సైకాలజిస్ట్ ఎడ్వర్డ్ డెసీ గుర్తొచ్చాడు. 1971లో ఆయన 24 మంది కాలేజీ స్టూడెంట్లకి సోమా అనే దిమ్మల పజిల్ ఇచ్చాడు, మూడు సిట్టింగులు. రెండోసారి సగం మందికి పజిల్‌కి ఒక డాలర్ చొప్పున ఇచ్చాడు, మూడోసారి ఎవరికీ ఏం లేదు. ప్రతిసారీ మధ్యలో 8 నిమిషాలు వాళ్లని ఒంటరిగా వదిలేసి ఎంతసేపు వాళ్లంతట వాళ్లే ఆడుకుంటున్నారో చూశాడు. డబ్బులు తీసుకున్నవాళ్లు, డబ్బులు ఆగాక, మొదట ఆడినంత సేపు కూడా ఆడలేదు. అదే పేపర్లో ఇంకో ప్రయోగంలో నోటితో బాగా చేశావు అంటే మాత్రం ఇష్టం తగ్గలేదు. తర్వాత రిచర్డ్ ర్యాన్ అనే ఇంకో సైకాలజిస్ట్‌తో కలిసి మనిషికి మూడు కావాలని చెప్పాడు, నా ఇష్టంతో చేస్తున్నాననే భావం, నాకు చేతనవుతోందనే నమ్మకం, నా వాళ్లు అనే దగ్గరితనం.

అప్పుడు మూడూ రాసి మార్కులు తెచ్చుకున్నాం, అంతే. నాకు ఈరోజు అర్థమైంది ఏంటంటే మా విషయంలో ఈ మూడూ నాలో ఒకటి, మేడంలో ఒకటి అని విడివిడిగా లేవు, ఆ పొద్దుటి పంపకంలో ఉన్నాయి. ఎవరికేం చేతనవునో మాకు తెలుసు, నిర్ణయం మాది, వెనకబడ్డవాడిని లాగేది మేమే. ఆ పంపకం మా చేతిలోంచి తీసేస్తే మూడూ ఒకేసారి పోయాయి, వాళ్లేమో ఒక చిన్న సెట్టింగ్ మార్చామనుకుంటున్నారు.

డబ్బులొద్దని కాదు బాబూ. జీతం పెంచితే మహారాజులా తీసుకుంటాం, సరిపోని జీతానికి పొగడ్తలు మందు కాదు. కానీ నలుగురి పనికి ఒక్కడికి గిఫ్ట్ కార్డు ఏంటి?

సాయంత్రం మేనేజర్ గారిని అడిగాను, రోజుకొచ్చే బిల్లులన్నీ వైజాగ్ బ్రాంచికి కలిపి పంపండి, మేం పంచుకుంటాం, పాయింట్లేసినా బ్రాంచి మొత్తానికి వెయ్యండి అని. ఆయన "మెయిల్ పెట్టండి, చూద్దాం" అన్నారు. చూద్దాం అంటే చూడరు అంటుంది మేడం. మాస్టారేమో క్వెరీ బిల్లుకి రెండు పాయింట్లు అడుగు అంటారు, లెక్క ఎలాగూ పోదు కాబట్టి న్యాయంగానైనా ఉండాలని ఆయన పట్టు. నాకైతే అసలు లెక్కే వద్దు. దాని మీదే అరగంట వాదించుకున్నాం, చివరికి రెండూ రాసి నలుగురి పేర్లతో పంపేశాను, హైదరాబాద్ వాళ్లకి సీసీ కూడా పెట్టాను.