ఆ రాత్రి నేను వెళ్ళని గది

మన బ్యాచ్ సంచికకి ఏదో ఒకటి రాసివ్వమని మనవాళ్ళు ఫోన్ చేసినప్పుడు, లెక్కల మాష్టారి బెత్తం గురించో, ఇంటర్వెల్లో గేటు దగ్గర కొనుక్కుని తిన్న ఉప్పూకారం మామిడికాయ ముక్కల గురించో రాద్దామనే కూర్చున్నాను. రెండు పేజీలు రాసి పక్కన పెట్టేశాను. అవి మీలో ఎవరైనా నాకంటే బాగా రాస్తారు. నేను మాత్రమే రాయగలిగింది ఒకటుంది. అది మన పదో తరగతి బి సెక్షన్ గది గురించి, నేను అక్కడ ఉండాల్సి ఉండీ లేని ఒక రాత్రి గురించి. మా మామ్మ ఎలా పోయిందో మన బ్యాచ్‌లో చాలామందికి తెలుసు. ఆమె ఎందుకు పోయిందని నేను అనుకుంటూ బతికానో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

1996 నవంబరు 6, బుధవారం. దీపావళి ఇంకా నాలుగు రోజులుందనగా. నాన్న అరటిగెలల డబ్బు వసూలు చేసుకోవడానికి పొద్దున్నే రావులపాలెం బయల్దేరాడు. అమ్మ చెల్లిని తీసుకుని పుట్టింటికి వెళ్ళింది. ఇంట్లో నేనూ మామ్మే. సైకిలెక్కుతూ నాన్న ఒక్క మాటన్నాడు: "గాలి ముదిరితే మామ్మని తీసుకుని బడికి వెళ్ళిపో. ఆలోచించకు."

సాయంత్రానికి గాలి ముదిరింది. మాది కాలవగట్టు పక్కన తాటాకిల్లు, మట్టిగోడలు. బడి ఎంతో దూరం లేదు, పది నిమిషాల నడక, స్లాబు బిల్డింగు. పక్కింటివాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని వెళ్తూ వెళ్తూ నన్ను కేకేశారు. మామ్మ రానంది. "ఈ ఇల్లు ఎన్ని గాలివానలు చూసిందిరా అబ్బాయ్, ఈనబోయే ఆవునొదిలేసి ఎక్కడికొస్తాను" అంది. లాక్కెళ్ళాలా, ఆమె మాట వినాలా, నేనొక్కణ్ణీ పరుగెత్తి ఎవరినైనా పిలుచుకురావాలా. వసారాలో నిలబడ్డాను. గడప దాటి మళ్ళీ లోపలికొచ్చాను, ఎన్నిసార్లో నాకే తెలీదు. దాదాపు గంటసేపు అలాగే గడిచింది. తర్వాత చీకటి పడింది, దారిలో కొబ్బరిచెట్లు విరిగి పడటం మొదలైంది, ఇక వెళ్ళడం అనే మాటే లేకుండా పోయింది. రాత్రి ఎప్పుడో ఆవు అరుస్తుంటే పలుపు విప్పడానికి మామ్మ దొడ్డివైపు వెళ్ళింది. నానిపోయిన గోడ ఆమె మీద పడింది. నేను మంచం కింద ఉన్నాను.

ఆ కోనసీమ తుపానులో వెయ్యిమందికి పైగా చనిపోయారు. లక్షల కొబ్బరిచెట్లు నేలకూలాయి. మీలో చాలామంది ఆ రాత్రి బి సెక్షన్ గదిలోనే ఉన్నారు, తలుపు ఎగిరిపోకుండా బెంచీలు అడ్డం పెట్టి తెలుగు మాష్టారు తెల్లవార్లూ వాటికి వీపు ఆనించి నిలబడ్డారని మీరు చెప్తే విన్నాను. బడి మళ్ళీ తెరిచాక ఆ బెంచీల మీదే కూర్చుని పదో తరగతి పూర్తిచేశాను. రోజూ ఒకటే లెక్క వేసేవాణ్ణి. పది నిమిషాలు. పది నిమిషాలు నడిచి ఉంటే మామ్మ ఈ గదిలో ఉండేది.

నాన్న నన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు. ఒక్కసారైనా తిట్టి ఉంటే ఏమయ్యేదో కానీ, ఆయన మౌనాన్నే నేను తిట్టుగా విన్నాను. గాలి కాస్త పెద్దగా వీచిన ప్రతి రాత్రీ ఆయన నిద్రపోకుండా వసారాలో కూర్చునేవాడు. నేను లోపల పడుకుని ఆయన వీపు చూస్తూ, ఇది నా వల్లే అనుకునేవాణ్ణి.

ఆ తర్వాత ఏడేళ్ళలో నేను సొంతంగా ఏ నిర్ణయమూ తీసుకున్న గుర్తు లేదు. ఎంపీసీనా బైపీసీనా అన్నది తేల్చుకోలేక ఆఖరి రోజు దాకా ఫారం జేబులోనే పెట్టుకుని తిరిగితే, చివరికి నాన్నే నింపాడు. హైదరాబాద్‌లో ఒక ఉద్యోగానికి రమ్మంటే, వస్తానో రానో చెప్పకుండా నానుస్తూ వాళ్ళు ఇంకొకర్ని పెట్టుకునేదాకా ఆగాను. అమలాపురంలో రెండు చొక్కాల మధ్య తేల్చుకోలేక రెండూ వదిలేసి బస్సెక్కిన రోజులున్నాయి. ఒక సంబంధం వాళ్ళు మా మాట కోసం మూడు నెలలు ఎదురుచూశారు, ఆ అమ్మాయికి నేను ఇప్పటికీ క్షమాపణ బాకీ ఉన్నాను. మనసులో ప్రతి చిన్న ఎంపికా ఆ వసారాగా మారిపోయేది. విచిత్రం ఏమిటంటే, ఆ రాత్రి ఏదీ తేల్చుకోలేదనే కదా నన్ను నేను తిట్టుకునేది, ఆ తిట్ల భయానికే తర్వాత దేన్నీ తేల్చుకోలేకపోయాను. టెన్షన్ పడటం, నిద్ర పట్టకపోవడం, పొద్దున్నే గుండె దడ. డాక్టరు దగ్గరికీ వెళ్ళాను, మందులూ వాడాను, నిద్ర వరకూ అవి మేలే చేశాయి, అలాంటి స్థితిలో ఉన్నవాళ్ళెవరైనా చదువుతుంటే ముందు అక్కడికే వెళ్ళమంటాను.

ఒక పెళ్ళిలో మా బంధువొకాయన అందరి ముందూ "సంశయాత్మా వినశ్యతి" అని నాకు గీత వినిపించాడు. సంశయించేవాడు నాశనమైపోతాడని గీతలో ఉన్న మాట నిజమే. కానీ మునిగిపోతున్నవాడి మీదికి శ్లోకాన్ని రాయిలా విసరడం నాకు ఇప్పటికీ నచ్చదు. ఆ రోజు నుంచి గీత అంటేనే ముఖం తిప్పుకున్నాను.

దాన్ని మళ్ళీ నా చేతిలో పెట్టింది తెలుగు మాష్టారు. అప్పటికి రిటైరై, సాయంత్రాలు లాకుల దగ్గర రావిచెట్టు కింద కూర్చునేవారు. 2003 వేసవిలో, పుష్కరాలు వస్తున్నాయని ఊరంతా మాట్లాడుకుంటున్న రోజుల్లో, "కోటిపల్లి రేవులో మామ్మకి పిండం పెడుతున్నారా?" అని మామూలుగా అడిగారు. నాకు ఏడుపొచ్చింది. ఏడేళ్ళలో మొదటిసారి ఆ వసారా సంగతి ఒకరికి చెప్పాను. "నీ తప్పేం లేదురా" అంటారనుకున్నాను. అనలేదు. అని ఉంటే నమ్మేవాణ్ణి కాదు. చాలాసేపు కాలవ కేసి చూసి, పద్దెనిమిదో అధ్యాయంలో ఒక శ్లోకం చెప్పారు.

"అధిష్ఠానం తథా కర్తా కరణం చ పృథగ్విధమ్, వివిధాశ్చ పృథక్చేష్టా దైవం చైవాత్ర పంచమమ్."

ఏ పని జరగడానికైనా కారణాలు ఐదు. ఆధారమైన చోటు, చేసేవాడు, సాధనాలు, రకరకాల చేష్టలు, ఐదోది దైవం. అధిష్ఠానం అంటే శరీరమని వ్యాఖ్యానాల్లో ఉంటుంది, నీ లెక్కకి నిలబడ్డ చోటు అనుకో అన్నారు. "చేసేవాడు ఐదింటిలో ఒకడురా. రెండు శ్లోకాల తర్వాత ఏమంటాడో తెలుసా, అంతా తానొక్కడే చేశాననుకునేవాడికి చూపు సరిగ్గా లేనట్టే అంటాడు. మనం ఆ మాటని గొప్పలు చెప్పుకునేవాళ్ళకే అన్నాడనుకుంటాం. తప్పంతా నాదే అని కూర్చున్నవాడికీ అదే మాట."

నేను ఆలోచనలో పడ్డాను. ఏడేళ్ళుగా నేను చేస్తున్నది వినయం అనుకున్నాను. గాలినీ, గోడనీ, మామ్మ పంతాన్నీ, ఆవునీ, అన్నింటినీ నా ఒక్కడి చేతిలో పెట్టుకుని కూర్చున్నానని అప్పటిదాకా తట్టలేదు.

మాష్టారు ఒక పని చెప్పారు. నోటుబుక్కులో ఐదు పేజీలు తీసుకుని ఆ రాత్రిని ఐదు పేర్ల కింద రాయమన్నారు. "ఇది తప్పు పంచే లెక్క కాదు, ఎవరి మీదికో నెట్టేసే లెక్క అంతకన్నా కాదు. జరిగింది జరిగినట్టు చూడటం. అబద్ధం రాస్తే నీకే నష్టం" అన్నారు.

రాయడానికి పదకొండు రోజులు పట్టింది. చోటు అన్న పేజీలో కాలవగట్టు, మట్టిగోడ, తాటాకు. సాధనాలు అన్న పేజీలో అయిపోయిన టార్చి బ్యాటరీలు, ఆమెని మోయడానికి చాలని పదిహేనేళ్ళ చేతులు. చేష్టలు అన్న పేజీ అన్నింటికంటే పెద్దదైంది. నాన్న ప్రయాణం, అమ్మ పుట్టింటికి వెళ్ళడం, మామ్మ రాననడం, ఆవు అరవడం, ఆ అరుపు విని మామ్మ లేచి వెళ్ళడం. అది రాస్తున్నప్పుడు మొదటిసారి తెలిసింది: ఆమె వెళ్ళింది. ఆమె మనసు ఆమెకుంది, ఆమె ప్రేమ ఆమెకుంది, ఆవుని కట్టేసి ఉంచి తాను బతకడం ఆమెకి ఇష్టం లేదు. నేను నా కథలో ఆమెని కదలని వస్తువుని చేసేశాను. దైవం పేజీలో తుపాను తేదీ ఒక్కటే రాశాను.

చేసేవాడి పేజీ ఆఖరున రాశాను. "భయపడ్డాను. గంటసేపు తేల్చుకోలేదు. పక్కింటివాళ్ళు పిలిచినప్పుడు సాయం అడగలేదు." మూడు వాక్యాలు. ఈ పేజీ ఏం చేయాలండీ అని మాష్టారిని అడిగాను. "అది నీదే. ఉంచుకో. పుష్కరంలో ఆవిడకి పిండం పెట్టేటప్పుడు ఆ మూడూ చెప్పుకో. మిగతా నాలుగు పేజీలూ గోదారికి వదిలెయ్" అన్నారు.

కోటిపల్లి రేవులో ఆ రోజు జనం జనం. సోమేశ్వరస్వామి గుడి దాకా వరస. తల గుండు, తడి పంచె, చేతిలో పిండాలతో నాన్న పక్కన మోకాటిలోతు నీళ్ళలో నిలబడి, గట్టిగానే చెప్పేశాను: మామ్మా, భయపడ్డాను, తేల్చుకోలేకపోయాను, ఎవరినీ పిలవలేదు. నాన్న విన్నాడు. ఆయన ముఖం చూడటానికి ధైర్యం చాల్లేదు. కాసేపయ్యాక అన్నాడు, "పొద్దున్నే మబ్బు చూశానురా. చూసీ వెళ్ళాను. ఆరువందల రూపాయల కోసం వెళ్ళాను."

గట్టు మీద అమ్మ ఏడుస్తోంది. పుట్టింటికి ఆ వారమే ఎందుకు వెళ్ళానా అని ఆమె కూడా ఏడేళ్ళుగా లోలోపలే కుమిలిపోతోందని ఆ మధ్యాహ్నం తెలిసింది. ఒకే చావుని ముగ్గురం, ఎవరికి వాళ్ళం మొత్తంగా మోశాం. ఒకరికొకరం చెప్పుకోలేదు. వసారాలో కూర్చున్న నాన్న వీపుని నేను ఎంత తప్పుగా చదివానో అప్పుడు తెలిసింది.

అంతటితో అన్నీ చక్కబడిపోయాయని కాదు. తప్పు బరువు తగ్గింది కానీ తేల్చుకోలేని అలవాటు అలాగే ఉంది. ఆ తర్వాత చాలా ఏళ్ళకి, 2012లో, మా పొలం పక్కన ఒక్కొక్కరే రొయ్యల చెరువులు తవ్విస్తున్నారు. అంతకు ముందు ఏడాదే కోనసీమ రైతులు గిట్టుబాటు కాక పంట విరామం ప్రకటించి సార్వా వరి వేయకుండా వదిలేశారు. చెరువుకి లీజుకిస్తే మాత్రం మంచి డబ్బు. ఇస్తే పక్కవాళ్ళ చేలకి ఉప్పు దిగుతుంది. నెలల తరబడి నానుస్తున్నాను. మళ్ళీ మాష్టారి దగ్గరికి వెళ్తే, "గీత చివర కృష్ణుడు అర్జునుడితో ఏమన్నాడు?" అని అడిగారు. యుద్ధం చెయ్యమన్నాడని చెప్పాను. "అది మధ్యలో చాలాసార్లు అన్నాడు. అంతా చెప్పాక మాత్రం 'విమృశ్యైతదశేషేణ యథేచ్ఛసి తథా కురు' అన్నాడు. పూర్తిగా విచారించుకో, తర్వాత నీకెలా తోస్తే అలా చెయ్. ఎదురుగా సాక్షాత్తూ దేవుడే ఉన్నా, నిర్ణయం మనిషికే వదిలేశాడురా. నువ్వు విమృశ్య దగ్గరే ఆగిపోయావు. కురు అని కూడా ఉంది."

ఆ మాట నన్ను పట్టుకుంది. దేవుడికి నా విచారణ మీద అంత గౌరవం ఉంటే, నాకెందుకు లేదు? అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. తేల్చుకోవాల్సింది ఉంటే తెలిసినవాళ్ళని అడుగుతాను, కాగితం మీద రాసుకుంటాను, గడువు పెట్టుకుంటాను. ఆ రోజు సంధ్యదీపం పెట్టే వేళ కాసేపు దేవుడి ముందు కూర్చుని, ఆ క్షణానికి సబబనిపించింది పైకి చెప్పేస్తాను. చెప్పాక ఫలితం ఎలా ఉన్నా, ఐదింటిలో నా వంతు చేశాననుకుంటాను. చెరువుకి ఇవ్వలేదు. కొబ్బరి, మధ్యలో కోకో వేశాం. లీజు డబ్బంత రావడం లేదు, అయినా ఆ నిర్ణయం గురించి ఒక్క రాత్రీ నిద్ర పోగొట్టుకోలేదు.

మాష్టారు 2016లో పోయారు. ఆయన ఉండి ఉంటే చెప్పాలనిపించే సంగతి ఒకటుంది, అది ఇక్కడ రాసేస్తాను.

2018 డిసెంబరులో పెథాయ్ తుపాను మనవైపే వస్తోందన్నారు. 16వ తేదీ ఆదివారం సాయంత్రం గాలి మొదలైంది. ఇప్పుడు మాది పెంకుటిల్లు, గోడలు ఇటుకవే. అక్కర్లేదేమో అని మనసులో ఒక మాట వచ్చింది, వచ్చినా దీపం వేళ దాకా కూడా ఆగలేదు. దొడ్లో ఆవుని, పెయ్యని పలుపులు విప్పి మెరక మీదికి తోలేశాను. అమ్మ గొణుగుతూనే ఉంది. నాన్న ఏమీ అనలేదు, చెప్పులు వేసుకుని, టార్చి పట్టుకుని, మా అందరికంటే ముందు గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

బడిలో వాచ్‌మన్ మాకు తెరిచిచ్చింది బి సెక్షన్ గదే. ఇప్పుడది వేరే తరగతికి ఇచ్చారట. తుపాను మర్నాడు కాట్రేనికోన దగ్గర తీరం దాటింది. మా ఇంటికి రెండు పెంకులు జారాయంతే. "రెండు పెంకుల కోసం రాత్రంతా బెంచీల మీద పడుకోబెట్టావు కదరా" అని అమ్మ వారం రోజులు అంటూనే ఉంది. అననిచ్చాను.

ఆ రాత్రి నేను తలుపు దగ్గర, మాష్టారు వీపు ఆనించి నిలబడ్డ చోటే, గోడకి ఆనుకుని కూర్చున్నాను. బయట కొబ్బరిమట్టలు రాలుతున్న చప్పుడు. లోపల నాన్న రెండు బెంచీలు కలిపి వేసుకుని, తువ్వాలు తలకింద పెట్టుకుని, గాలి హోరులోనే గురక పెట్టి నిద్రపోయాడు.