మా ఇంట్లో ‘మీరు’ లేదు

మూడేళ్ళ కిందట వేసవిలో గుంటూరు వెళ్ళినప్పటి సంగతి. బ్రాడీపేటలో మా నాన్న ఇంటికి ఎదురింటి మాస్టారు వచ్చారు. రిటైరైన హెడ్మాస్టరు, ఎనభై దాటాయి. ఆ లైన్లో సగం మందికి ఆయనే చదువు చెప్పారు, నాక్కూడా. మా అమ్మాయికి అప్పుడు పదకొండేళ్ళు. పెద్దవాళ్ళు వస్తే కుర్చీ వెయ్యాలని నేను నేర్పిందే కదా, పరుగెత్తుకెళ్ళి కుర్చీ తెచ్చి వేసి, "నువ్వు కూర్చో తాతయ్యా" అంది.

ఆయన నవ్వి కూర్చున్నారు. మా వదిన మొహం పక్కకి తిప్పుకుంది. అన్నయ్య పిల్లలిద్దరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. నేనన్నా ఊరుకోవలసింది. ఊరుకోలేదు. "మీరు అనాలి, ఎన్నిసార్లు చెప్పాను!" అని అందరి ముందూ గట్టిగా అనేశాను. ఆ సాయంత్రం పిల్ల గదిలోంచి బయటికి రాలేదు. మిగిలిన మూడు వారాలూ పెద్దవాళ్ళు ఎవరు పలకరించినా ఇంగ్లీషులోనే జవాబు చెప్పింది.

మేరీలాండ్ తిరిగి వచ్చాక తీరిగ్గా ఆలోచిస్తే తప్పు ఎక్కడుందో తెలిసింది. ఇక్కడ మా ఇంట్లో ఉండేది నలుగురం. నేను మా ఆయన్ని నువ్వంటాను. ఆయనా నన్ను నువ్వనే అంటారు. పిల్లలిద్దరూ మమ్మల్ని నువ్వంటారు. మీరు అనదగ్గ మనిషి మా ఇంట్లో లేరు. మేనత్త, మాస్టారు, పూజకి వచ్చే పంతులుగారు, వీళ్ళెవరూ మా గడప తొక్కరు. వారాంతపు తెలుగు బడిలో ‘మీరు’ గౌరవవాచకం అని వర్క్‌షీటులో ఖాళీలు పూరించి పదికి పది తెచ్చుకుంది. కానీ ఒక మనిషి ఇంకో మనిషి కళ్ళలోకి చూసి ఆ మాట అనడం అది ఎక్కడ విన్నది?

ఆ మాట విలువ దానికి నా వల్ల తెలియలేదు. తెలుగు బడిలోనూ తెలియలేదు. షేక్‌స్పియర్ క్లాసులో తెలిసింది.

మా ఊరి లైబ్రరీలో పిల్లలకి శనివారం పొద్దున, పెద్దవాళ్ళకి బుధవారం సాయంత్రం షేక్‌స్పియర్ నేర్పుతారు. ఫీజు లేదు, పరీక్ష లేదు. నడిపేది ఒక రిటైరైన టీచరు. ఆ జనవరిలో పిల్లని చేర్పించాను. ఇంగ్లీషు బాగుపడుతుంది, కాలేజీ అప్లికేషన్లో రాసుకోవచ్చు అన్నదే నా ఆలోచన, దాచుకోవడం ఎందుకు.

మొదటి రోజు కుర్చీలన్నీ గోడకి జరిపేశారు. కథ చెప్పలేదు. కవి ఎప్పుడు పుట్టాడో చెప్పలేదు. ఒక్కొక్కరి చేతికి ఒక చీటీ ఇచ్చారు, అందులో ఒకే ఒక్క వాక్యం. దాన్ని పైకి చదువుతూ నడవాలి, కామా వచ్చిన చోటల్లా అటు నుంచి ఇటు తిరగాలి. అర్థం సంగతి తర్వాత, ముందు నోరు తిరగాలి, కాళ్ళు కదలాలి. నేను గుంటూరులో డిగ్రీ చదివిన రోజుల్లో షేక్‌స్పియర్ అంటే ఒక గైడు, పది మార్కుల వ్యాసం, ‘సందర్భసహిత వ్యాఖ్య’. ఒక్క రోజు కూడా ఆ మాటలు మా నోట పలికించలేదు. ఎవరినీ తప్పుపట్టను, ఎనభై మంది ఉన్న క్లాసులో ఆ లెక్చరర్ మాత్రం ఏం చేస్తారు.

ఆ ఏడు పిల్లలు ఎత్తుకున్న నాటకం ట్వెల్త్ నైట్. ఓడ బద్దలై వయోలా అనే అమ్మాయి ముక్కూ మొహం తెలియని దేశంలో ఒడ్డున పడుతుంది. ఆమె నోట వచ్చే మొదటి మాటే "ఇది ఏ దేశం, మిత్రులారా?" అన్న ప్రశ్న. ఇల్లిరియా అని చెబితే, "ఇల్లిరియాలో నాకేం పని?" అంటుంది. నా కూతురు హాల్లో అటూ ఇటూ తిరుగుతూ ఆ రెండు ముక్కలూ అంటుంటే, చేతిలో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. డల్లెస్ ఎయిర్‌పోర్టులో మొదటిసారి దిగిన రాత్రి నేను అనుకున్నదీ అదే.

మార్చిలో ఒక శనివారం క్లాసులో సంబోధనల మాట వచ్చిందట. షేక్‌స్పియర్ నాటి ఇంగ్లీషులో ఎదుటి మనిషిని పిలవడానికి ‘దౌ’ అని, ‘యూ’ అని రెండు మాటలుండేవి. ‘దౌ’ ఒక్కరికి, ‘యూ’ పదిమందికి. రానురాను ఆ పదిమంది మాటే పెద్దవాళ్ళకి గౌరవమైంది. దగ్గరివాళ్ళకి, చిన్నవాళ్ళకి, పనివాళ్ళకి, కోపం వచ్చినప్పుడు ఎవరికైనా ‘దౌ’ మిగిలింది. తర్వాత అదీ వాడుకలోంచి పోయి ‘యూ’ ఒక్కటే నిలిచింది. ఇదే నాటకంలో సర్ టోబీ తన నేస్తానికి ఒక ఉత్తరం రాయమని నూరిపోస్తాడు, ఎదుటివాడు కత్తి దూసేలా ఉండాలి అది. వాణ్ణి ఓ మూడుసార్లు ‘దౌ’ అంటే తప్పులేదంటాడు. అందులో అంత అవమానం ఏముందో అమెరికా పిల్లలకి ఎంత చెప్పినా పట్టుబడలేదు. మన పల్నాడులో, తెనాలిలో, బెజవాడలో ఎవరికి చెప్పినా ఇట్టే అర్థమవుతుంది. "నన్ను ఏకవచనంలో పిలుస్తావా?" అన్న మాట మీద ఎన్ని పెళ్ళిళ్ళలో రభస జరగలేదు!

మా అమ్మాయి చెయ్యెత్తిందట. మా భాషలో ఇవి రెండూ ఇప్పటికీ ఉన్నాయి, నువ్వు, మీరు అని చెప్పిందట. టీచరు బోర్డు మీద రాయమంటే తెలుగు అక్షరాల్లోనే రాసిందట. ఆ సంగతి కారెక్కగానే చెప్పింది. తర్వాత కాసేపు మాట్లాడలేదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మెల్లిగా అడిగింది, "అమ్మా, ఆ రోజు మాస్టారు తాతయ్యని నేను దౌ అన్నానా?"

అవునన్నాను. అందరి ముందూ అలా అరిచి ఉండకూడదు, తప్పు నాదని కూడా అన్నాను. తొమ్మిది నెలలు ఆలస్యంగా.

దాన్ని చూశాకే నేనూ బుధవారం క్లాసుకి వెళ్ళడం మొదలుపెట్టాను. మేం పన్నెండు మందిమి. ఒక నర్సు, ఒక బస్సు డ్రైవరు, భార్య పోయిన ఒక పెద్దాయన, ఎల్ సాల్వడార్ నుంచి వచ్చి ఇళ్ళు శుభ్రం చేసే ఒకావిడ. మర్చంట్ ఆఫ్ వెనిస్ చదివాం. మూడో అంకంలో యూదు వడ్డీ వ్యాపారి షైలాక్ మాటలు ఆవిడ వంతుకొచ్చాయి. "యూదుడికి కళ్ళుండవా? మమ్మల్ని గుచ్చితే నెత్తురు రాదా?" కూడబలుక్కుంటూ, ఒక్కో మాట దగ్గర ఆగుతూ చదివింది. గదిలో ఎవరూ కదల్లేదు. షైలాక్ పాత్ర మీద నేను డిగ్రీలో నాలుగు పేజీల వ్యాసం బట్టీ పట్టినదాన్ని. ఆ నాలుగు పేజీల్లో ఈ మాటలు ఒక మనిషి అన్నవని నాకు ఎప్పుడూ తట్టలేదు.

ఆ జూన్‌లో మళ్ళీ గుంటూరు. ఈసారి పిల్ల సూట్‌కేసులో తన స్క్రిప్టు పెట్టుకుంది. జిరాక్స్ కాగితాలు, ప్రతి ‘దౌ’ పక్కన పెన్సిల్‌తో ‘నువ్వు’, ప్రతి ‘యూ’ పక్కన ‘మీరు’. వత్తులు, కొమ్ములు కొన్ని తప్పే. అయినా ఎవరూ రాయమనకుండా అది రాసిన మొదటి తెలుగు అదే.

మా నాన్న బ్యాంకులో పనిచేశారు. వయసులో ఉండగా పరిషత్తు నాటకాలకి ప్రాంప్టరు. ఎప్పుడూ స్టేజీ ఎక్కలేదు, వింగ్‌లో నిలబడి ఎందరో నటులకి మాట అందించారు. మనవరాలి కాగితాలు చూడగానే కళ్ళజోడు తుడుచుకుని కూర్చున్నారు. ఆ కాలంలో ఇంగ్లండులో నటుడికి నాటకం మొత్తం ఇచ్చేవారు కాదట తాతయ్యా, తన మాటలు, అంతకు ముందు ఎదుటివాడనే చివరి రెండు మూడు మాటలు, అంతే, అని అది చెబితే ఆయన మొహం విప్పారింది. "మరి వినకపోతే చచ్చాడే నటుడు. ఎదుటివాడి మాట వినాల్సిందే" అన్నారు. ఆడవేషాలు మగపిల్లలే వేసేవారంటే, బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారి గురించి చెప్పారు. ఆయన వేషం కట్టి వస్తే ఆడవాళ్ళే ఆ నడక, ఆ చీరకట్టు చూసి నేర్చుకునేవారని మా తాత చెప్పేవారట. 1956లో పద్మశ్రీ ఇచ్చారని తేదీతో సహా చెప్పబోయి, తేదీ గుర్తురాక సంవత్సరంతో సరిపెట్టారు. మన వీరేశలింగం గారు కామెడీ ఆఫ్ ఎర్రర్స్‌ని చమత్కార రత్నావళిగా తెలుగు చేశారన్నది నాకూ అప్పుడే తెలిసింది.

రోజూ సాయంత్రం డాబా మీద నీళ్ళు చల్లి, వేడి దిగాక మొదలుపెట్టేవాళ్ళం. అన్నయ్య కొడుకు ఇంటర్. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఎంట్రన్స్ బిట్లు చేసుకునే పిల్లాడు, ఓడ కెప్టెన్ వేషం తీసుకున్నాడు. ఎదురింటి మాస్టారు కూడా వచ్చారు. మా అమ్మాయి కుర్చీ వేసి, "మీరు కూర్చోండి మాస్టారూ" అంది. ఈసారి నేను నోరు మెదపలేదు.

ఒలీవియా దొరసాని, మగవేషంలో ఉన్న వయోలాతో ముందు ‘యూ’ అని మాట్లాడి, మూడో అంకంలో ప్రేమ బయటపడేసరికి ‘దౌ’లోకి దిగిపోతుంది. ఇది తెలుగులో ఎలా పలకాలి అని డాబా మీద గంటసేపు వాదన. వదిన గట్టిగా చెప్పింది, "మీరు నుంచి నువ్వుకి వచ్చిందంటే మనసిచ్చేసినట్టే." మాస్టారు ఏసీ కాలేజీలో, అంటే ఆంధ్రా క్రిస్టియన్ కాలేజీలో, చదివిన మనిషి. పాత ఇంగ్లీషు బైబిల్లో దేవుణ్ణి కూడా ‘దౌ’ అనే అంటారని గుర్తుచేశారు. "మనం మాత్రం రాముణ్ణి మీరు అంటామా తల్లీ?" అన్నారు.

అన్నీ ఇంత తీపిగా లేవు. మా అమ్మ దగ్గర ఇరవై ఏళ్ళుగా గిన్నెలు తోమే ఆవిడ అమ్మకంటే పెద్దది. అందరం నువ్వంటాం. ఆవిడ అమ్మని అమ్మగారూ అంటుంది. "ఈమెకి మాత్రం దౌ ఎందుకు?" అని పిల్ల అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు. మర్నాటి నుంచి అది ఆవిడని మీరు అనడం మొదలుపెట్టింది. "అదేంటమ్మా నన్ను మీరంటావు" అని ఆవిడ రెండు రోజులు ఇబ్బంది పడింది. మూడో రోజు తన మనవరాల్ని వెంట తీసుకొచ్చింది. ఆ పిల్ల వయోలా మాటలు రెండు తెలుగులో నేర్చుకుని, మా అమ్మాయి కంటే గొంతెత్తి చెప్పింది. నేను ఇరవై ఏళ్ళ అలవాటు మార్చుకోవడానికి ఇంకా తడబడుతూనే ఉన్నాను.

వచ్చే ముందురోజు తాతయ్యని అడిగింది, "నేను నిన్ను మీరు అనాలా?" ఆయన కాసేపు ఆలోచించారు. "నన్ను నువ్వనే పిలువమ్మా" అన్నారు.

తిరిగొచ్చాక వాషింగ్టన్‌లో ఫోల్జర్ లైబ్రరీకి తీసుకెళ్ళాను. 1932లో మొదలైన ఆ లైబ్రరీని బాగుచేసి 2024లో మళ్ళీ తెరిచారు. షేక్‌స్పియర్ పోయిన ఏడేళ్ళకి, 1623లో, తోటి నటులిద్దరు ఆయన నాటకాలు 36 పోగుచేసి అచ్చు వేయించిన పుస్తకం ప్రతులు 82 అక్కడున్నాయి. ట్వెల్త్ నైట్ అంతకు ముందు ఎక్కడా అచ్చవలేదు. ఆ ఇద్దరూ పూనుకోకపోతే వయోలా మాటలు మనదాకా వచ్చేవో లేదో. అద్దానికి ముక్కు ఆనించి చూస్తూ, "వాళ్ళు కూడా తాతయ్యలాగే" అంది పిల్ల.

అక్టోబరులో లైబ్రరీ హాల్లో నాటకం. మాకు సాయంత్రం ఏడు, గుంటూరులో తెల్లవారుజాము నాలుగున్నర. వీడియో కాల్ పెట్టి, సౌండ్ తీసేసి, ఫోను స్టేజీ వైపు తిప్పి పట్టుకున్నాను. నాన్న స్నానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నారు. చేతిలో ఆ పెన్సిలు గీతల జిరాక్స్ కాగితాలు. లైట్లు వెలిగాయి, వయోలా ఒడ్డుకి వచ్చింది. నేను ఒక కన్ను స్టేజీ మీద, ఒక కన్ను ఫోను మీద పెట్టి చూస్తున్నాను. మా అమ్మాయి నోరు తెరవడానికి అరక్షణం ముందే ఆయన పెదవులు కదులుతున్నాయి.