పార్కు గోడ దాటిన పసుప్పచ్చ పూలు

మా నర్సరీకి వచ్చేవాళ్లు మొక్క పేరు చెప్పి అడగడం తక్కువ. ‘మేకలు నోరు పెట్టకూడదు, నీళ్లు పెద్దగా అడక్కూడదు, రెండేళ్లు తిరిగేసరికి పూలు కనిపించాలి’ అంటారు. పార్కులకు మొక్కలు కొనేవాళ్లదీ ఇదే లెక్క. ఆ లెక్కకి బాగా సరిపోయేది టెకోమా అనే బయటి దేశం మొక్క. గంటల్లాంటి పసుప్పచ్చ పూలు, ఏడాదిలో చాలా నెలలు పూస్తుంది, ఎండకి ఓర్చుకుంటుంది, కొట్టేస్తే మళ్లీ చిగురిస్తుంది. ఎవరూ చూసుకోకపోయినా కొండ మీద బతికేయడానికి కావలసిన గుణాలు కూడా ఇవే. నా భయమంతా అక్కడే.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా పేట పార్కు వెనక గోడ అవతల చిన్న గెడ్డ, అంటే వాగు, అది దాటితే కొండ. టెకోమా కాయ సన్నగా, జానెడు పొడవుంటుంది. ఎండి పగిలితే లోపలంతా కాగితం రెక్కలున్న గింజలే. ఎండాకాలం గాలికి లేచి గోడ దాటేస్తాయి. గెడ్డలో పడినవి వానాకాలం నీళ్లతో దిగువకి పోతాయి. ఇప్పుడు గెడ్డకి రెండు గట్లా అవే మొక్కలు. కొండవాలు మీద మేకలు నేరేడు మొలకనీ, మర్రి మొలకనీ కొరికేస్తాయి, దీన్ని వదిలేస్తాయి. రెండు మూడేళ్లు అలా జరిగితే అక్కడ మిగిలేది ఏదో చెప్పక్కర్లేదు.

సంతలో అడ్డాకులు అమ్మే సవర అప్పని ఒకసారి కొండచీపురు గురించి అడిగాను. ‘మావైపు చీపురు దుబ్బులున్న చోట కూడా ఈ పువ్వే తల్లీ. మేకకి మేత కాదు, పొయ్యిలో పుల్లకి తప్ప దేనికీ రాదు’ అంది. చీపుర్లు కట్టి అమ్ముకునే ఇంటికి అది చిన్న నష్టం కాదు.

తిత్లీ తుఫాను వచ్చినప్పటి నుంచి ఇది ఎక్కువైందని నా నమ్మకం. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లా మీదుగా పోయింది. పెద్ద చెట్లు కూలిన చోటల్లా నేల మీద ఎండ పడింది. తొందరగా ఎదిగేవి కావాలని చాలా చోట్ల ఆస్ట్రేలియా తుమ్మ నాటారు. అదీ టెకోమాలాగే నాటిన చోట ఆగదు. దాని గింజకి నారింజరంగు తొడిమ వేలాడుతుంది. దానికోసం పిట్టలు వచ్చి గింజను దూరం మోసుకుపోతాయి.

ఇది మా ఊరి గొడవే కాదు. లాంటానా పొదని పూల కోసమే 19వ శతాబ్దం మొదట్లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కి తెచ్చారు. మన దేశంలో పులులు తిరిగే అడవుల్లో 40 శాతానికి పైగా అది పాకిందని 2020లో ఒక అధ్యయనం తేల్చింది. వయనాడులో నీడకీ అందానికీ పెట్టిన సెన్నా స్పెక్టబిలిస్ అనే చెట్టు ఇప్పుడు అక్కడి అభయారణ్యంలో గుంపులు గుంపులుగా ఉంది, పక్కనున్న ముదుమలై అడవికీ పాకింది. దాని కింద గడ్డి సరిగా పెరగదు, జంతువులకి మేత లేదు. నరికితే మొదలు నుంచి బోలెడు కొమ్మలు లేస్తాయి. అందుకే బెరడు చుట్టూ ఒలిచి, నిలబడ్డ చెట్టునే ఎండబెడుతున్నారు. అంత పని మనకి వద్దు.

అలాగని బయటి దేశం చెట్టు ప్రతిదీ చెడ్డదనను. జీడి బ్రెజిల్ నుంచి వచ్చింది, శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఎక్కువగా దాని మీదే బతుకుతోంది. గుల్‌మొహర్ మడగాస్కర్‌ది, నాటిన రోడ్డు పక్కనే ఉంటుంది. నేను చూసేది గింజ ఎలా పోతుంది, మేక తింటుందా, నరికితే లేస్తుందా అన్నవే. ఈ మూడూ అడగకుండా పార్కులో ఏదీ నాటకూడదు.

పసుప్పచ్చ పూలే కావాలంటే మనకి రేల ఉంది. ఒడియావాళ్లు సునారి అంటారు. వేసవిలో ఆకు రాలి చెట్టంతా గుత్తులు వేలాడతాయి. ఈ కొండల్లో పుట్టిందే, దాని కాయ గుజ్జు ఎలుగులు తింటాయి. పూతకి కొన్నేళ్లు ఆగాలి, అంతే. గింజ పెంకు గట్టిది కాబట్టి ఒక కొన గరుకు రాయి మీద అరగదీసి, రాత్రంతా నానబెట్టి విత్తుకోవాలి. నా దగ్గర రేల, కానుగ, మోదుగ మొక్కలున్నాయి. పార్కులకీ బడులకీ ఊరికే ఇస్తాను.

టెకోమా ఇప్పటికే ఉన్నవాళ్లు చెట్టు కొట్టేయకపోయినా, పూత అవగానే పచ్చికాయలు కోసేయండి, ఎండనివ్వకండి. తొలకరి పడి నేల మెత్తబడగానే చిన్న మొక్కల్ని వేరుతో పీకాలి, కొడవలితో కోస్తే లాభం లేదు. మా గెడ్డ గట్టు ఈసారి పైనుంచి కిందకి శుభ్రం చేద్దామనుకుంటున్నాం, దిగువ నుంచి మొదలుపెడితే పై గింజలు మళ్లీ వచ్చేస్తాయి. పాతపట్నం వైపు నుంచి ఎవరైనా వస్తామంటే గోనెసంచి, చేతికి గ్లౌజులు తెచ్చుకోండి, గునపాలు నా దగ్గరున్నాయి.